స్టేజీ మీద 30 వాట్లు చాలు సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈమధ్య మీ పేపర్లో పాఠకుల ఉత్తరాల్లో జూబ్లీహిల్స్ నుంచి ఒక పెద్దాయన రాసింది చదివాను. శనివారం వస్తే చాలు పక్క బిల్డింగ్ టెర్రస్ మీద లైవ్ బ్యాండ్ మొదలవుతుందట, పాట ఏంటో తెలీదు గానీ కిటికీ అద్దాలు మాత్రం దడదడలాడతాయట, ఈ బ్యాండ్లన్నీ బంద్ చేయించాలని ఆయన బాధ. ఆయన చెప్పిన దాంట్లో సగం పైనే నిజం ఉంది, ఆ మాట బేస్ గిటార్ వాయించే నేనే ఒప్పుకుంటున్నా, ఎందుకంటే ఆ దడదడ మా డిపార్ట్‌మెంటే. బంద్ చేయించడం దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. డైనింగ్ హాల్ అంత కూడా లేని స్టేజీ మీదికి మేమంతా పోటీలు పడి మోసుకొస్తున్న యాంప్లిఫయర్ల వాట్లు తగ్గిస్తే సగం లొల్లి అక్కడే తగ్గిపోతది, దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, కట్ చేసి వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నేను గచ్చిబౌలి, హైటెక్ సిటీ వైపు పబ్బుల్లో వాయిస్తా, పెళ్ళిళ్ళ సీజన్‌లో సంగీత్‌లకి వెళ్తా, సికింద్రాబాద్‌లో చర్చి ప్రోగ్రాములకీ పిలుస్తారు. నా యాంప్, అంటే గిటార్ సౌండ్ పెంచే పెట్టె, 30 వాట్ల వాల్వ్ యాంప్ (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలే వాల్వులు). అవును, ముప్పై. రెండు 6ఎల్6 పవర్ వాల్వులు, ముందు వైపు రెండు 12ఏఎక్స్7లు, కింద 15 అంగుళాల స్పీకర్ ఒకటి ఉన్న క్యాబ్, అంటే స్పీకర్ పెట్టె, అంతే. మా ఇంట్లో పాత వాల్వ్ రేడియో ఎట్లా స్విచ్ వేశాక కాసేపటికి గానీ మాట్లాడేది కాదో ఇదీ అంతే, ఫిలమెంట్లు ఎర్రబడేదాకా ఆగాలి. కొత్త సౌండ్ ఇంజినీర్ ఎవరైనా చూస్తే మొదటి మాట ఒకటే: "అన్నా, ప్రాక్టీస్ యాంప్ తెచ్చినవ్, అసలుది యాడ పెట్టినవ్?" అసలుది ఇదే తమ్ముడూ అంటే నమ్మడు, మిక్సర్ దగ్గరికి పోయి పక్కోడికి చెప్పి నవ్వుకుంటాడు. సౌండ్‌చెక్ అయ్యాక ఎక్కువ మంది నవ్వడం ఆపుతారు, అందరూ ఆపరు, అది కూడా చెప్పాలి.

ముందు వాట్ల సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే పబ్ ఓనర్ల దగ్గర్నుంచి కుర్ర బేసిస్టుల దాకా అందరూ పొరబడేది ఇక్కడే. 300 వాట్ల యాంప్ 30 వాట్ల దానికంటే పది రెట్లు గట్టిగా మోగుతుందని అందరి నమ్మకం. మోగదు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్, విన్నవాళ్ళకి "ఆ, కొంచెం పెరిగినట్టుంది" అనిపించేంత. పది రెట్లు చేస్తే 10 డెసిబెల్స్, అది చెవికి సుమారుగా రెండింతలు అనిపిస్తుంది. అంటే 30 నుంచి 300కి పోవడానికి లక్షలు పోసి, నడుము విరగ్గొట్టుకుని, ఆటో కాదు ట్రాలీ మాట్లాడుకుని మనం తెచ్చుకునేది ఒక రెండింతల సౌండ్. ఇంకో పక్క స్పీకర్ సంగతి ఎవరూ చూడరు. ఒక వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయనేది స్పీకర్ పేపర్ మీద రాసి ఉంటది, ఒకటి 94 ఉంటది, ఇంకోటి 100 ఉంటది. ఆ 6 డెసిబెల్స్ తేడా అంటే నాలుగు రెట్ల వాట్లతో సమానం, అంటే 100 స్పీకర్‌కి కలిపిన నా 30 వాట్లు 94 స్పీకర్‌కి కలిపిన 120 వాట్లతో సమానంగా మోగుతాయి. కొనేటప్పుడు వాట్లు అడిగేవాళ్ళే గానీ ఈ నంబర్ అడిగినవాణ్ణి నేను షాపులో ఇంతవరకు చూడలేదు.

అయినా బేస్‌కి గిటార్ కంటే ఎక్కువ పవర్ కావాలనే మాట అబద్ధం కాదు. నాలుగు తీగల బేస్ గిటార్లో అన్నిటికంటే లావు తీగ 41 హెర్ట్జ్ (సెకనుకి 41 ఊపులు) దగ్గర మోగుతుంది, ఐదు తీగలదైతే ఇంకా కిందికి 31 దాకా పోతుంది. మన చెవి అంత కింది స్వరాలకి మొద్దు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు, ఇప్పటికీ సౌండ్ క్లాసుల్లో వాటి పేరు చెప్తారు. కాబట్టి ఆ 41 హెర్ట్జ్‌ని నేరుగా చెవికి చేర్చాలంటే వాట్లు తగలెయ్యాలి. ఇక్కడ వాల్వ్ చేసే పని ఒకటుంది. దాన్ని కొంచెం గట్టిగా తోలితే ట్రాన్సిస్టర్ లాగా అలని టక్కున కోసెయ్యదు, అంచులు మెత్తగా వంచుతుంది, ఆ వంపులో 82, 123 ఇట్లా పై స్వరాలు పుట్టుకొస్తాయి. చెవి ఆ పైవి విని, కింది 41ని తనే ఊహించుకుని పూరించుకుంటుంది. మీ ఫోన్ స్పీకర్లోంచి 41 హెర్ట్జ్ రాదు, అయినా పాటలో బేస్ మీకు వినబడుతోంది కదా, ఇదే కారణం. అందుకే 30 వాట్ల వాల్వ్ యాంప్ పేపర్ మీద లెక్క కంటే పెద్దగా వినిపిస్తది. "వాల్వ్ వాట్లు వేరే, ట్రాన్సిస్టర్ వాట్లు వేరే" అని షాపుల్లో చెప్పే కథ మాత్రం నమ్మకండి, వాట్ ఎక్కడైనా వాటే, అంచుకి వచ్చినప్పుడు అది ఎట్లా ప్రవర్తిస్తుందన్న దాంట్లోనే తేడా.

మరి ఈ పెద్ద యాంపుల పిచ్చి ఎక్కణ్ణుంచి వచ్చింది? అమెరికాలో యాంపెగ్ అని ఒక కంపెనీ, పెట్టినాయన ఎవరెట్ హల్, ఆయన స్వయంగా డబుల్ బేస్ వాయించేవాడు, రాక్ మ్యూజిక్ అన్నా డిస్టార్షన్ (సౌండ్ బొంగురుపోవడం) అన్నా ఆయనకి ఒళ్ళు మంట. ఆ కంపెనీలో జెస్ ఆలివర్ డిజైన్ చేసిన బీ-15 అనే యాంప్ 1960లో వచ్చింది, 25 వాట్లు, తర్వాత 30 చేశారు, 15 అంగుళాల స్పీకర్ ఒకటి, పని అయ్యాక హెడ్‌ని, అంటే వాల్వులున్న యాంప్ భాగాన్ని, తిప్పి క్యాబ్ లోపలికే దాచెయ్యొచ్చు. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలెన్నిటికో ప్రాణం పోసిన బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ క్లబ్బుల్లో వాయించింది దీని మీదే. స్టూడియోలో అయితే ఆయన బేస్‌ని యాంప్ లేకుండా నేరుగా మిక్సింగ్ కన్సోల్‌కే కలిపేవాళ్ళు. ఇది నాకు భలే ఇష్టమైన విషయం, ఎందుకంటే నేను ఇప్పుడు స్టేజీ మీద చేస్తున్నది ఈ రెండూ కలిపి: నాకోసం చిన్న యాంప్, జనం కోసం నేరుగా కన్సోల్‌కి లైన్.

తర్వాత 1969లో అదే యాంపెగ్ వాళ్ళు ఎస్వీటీ అని 300 వాట్ల వాల్వ్ హెడ్ తీశారు, కింద 10 అంగుళాల స్పీకర్లు ఎనిమిది, రోలింగ్ స్టోన్స్ ఆ ఏడు అమెరికా టూర్‌కి వాడారు. హెడ్ ఒక్కటే 35 కిలోల పైన, క్యాబ్ 60 కిలోల పైన, మా వాళ్ళు దాన్ని ఫ్రిజ్ అనే పిలుస్తారు. దానికి అప్పట్లో కారణం ఉంది. వేలమంది కూర్చునే స్టేడియాల్లో ఆడుతున్నారు, పీఏ (జనం వైపు పెట్టే సౌండ్ సిస్టమ్) అంటే పాడేవాడి గొంతుకే సరిపోయేది కాదు, బేస్ వెనక వరస దాకా వినిపించాలంటే స్టేజీ మీద యాంపే ఆ పని చెయ్యాలి. ఇప్పుడు ఆ కారణం ఎక్కడుంది? మన సిటీలో మామూలు పబ్బులో కూడా రెండు పెద్ద టాపులు (పై స్వరాల స్పీకర్లు), 18 అంగుళాల సబ్బులు, అంటే కింది స్వరాల సబ్‌వూఫర్లు, రెండు, డిజిటల్ మిక్సర్ ఉంటున్నాయి. హాలు నింపడం వాటి పని, వాటికి బేస్ లైన్ ఇచ్చేస్తే అవే చూసుకుంటాయి. అయినా నూటయాభై మంది కూర్చునే చోటికి ఫ్రిజ్ మోసుకొస్తాం. (ఒక పక్కమాట: ఫెండర్ వాళ్ళు 1952లో బేస్ కోసమే చేసిన బాస్‌మన్ యాంప్ బేస్‌కి తట్టుకోలేక చివరికి గిటారిస్టుల చేతిలో పడి బతికిపోయింది, మార్షల్ వాళ్ళ మొదటి యాంప్ కూడా దాన్ని చూసి చేసిందే. చిన్న వాట్లతో బేస్ అన్నీ సవ్యంగా కుదిరిపోతాయని నేను అనట్లేదు.)

స్టేజీ మీద ఏం చేస్తానో చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. ముందు యాంప్‌ని మూల నుంచి లాగేస్తా, మూలకి ఆనిస్తే గోడలు, ఫ్లోర్ కలిసి బేస్‌ని ఊరికే ఊదేస్తాయి, ఆ ఊదినదంతా పాటకి పనికిరాని మోత. తర్వాత బార్ వాణ్ణి అడిగి రెండు ఖాళీ బీరు క్రేట్లు తెప్పించి యాంప్ వాటి మీద ఎక్కిస్తా, కొంచెం వెనక్కి వాల్చి పెడతా. నేలమీద ఉన్న స్పీకర్ నా మోకాళ్ళకి వాయిస్తది, మోకాళ్ళకి చెవులు ఉండవు కాబట్టి నాకు వినపడట్లేదని నేను వాల్యూమ్ పెంచుతా, అది చూసి గిటారిస్ట్ పెంచుతాడు, డ్రమ్మర్ గట్టిగా కొడతాడు, పాడే అమ్మాయి మానిటర్లో (స్టేజీ మీద మా వైపు తిప్పి పెట్టే స్పీకర్) తన గొంతు వినపడట్లేదని సైగలు చేస్తది, మానిటర్ పెంచితే మైకు కూస్తది, ఇదంతా దాటి జనానికి వినిపించాలని సౌండ్ అన్న మెయిన్ మొత్తం పైకి తోస్తాడు. అక్కడికి ఆ పెద్దాయన కిటికీ దడదడ మొదలు. అదే యాంప్ నా చెవి వైపు చూస్తూ ఉంటే వాల్యూమ్ సగం కూడా అక్కర్లేదు. యాంప్ మీద బేస్ నాబ్ తగ్గిస్తా, మిడిల్ కొంచెం పెంచుతా, ఎందుకంటే స్టేజీ మీద నాకు కావాల్సింది ఏ స్వరం వాయిస్తున్నానో తెలియడం, గుండెలో గుద్దుడు ఎటూ సబ్బుల నుంచి వెనక్కి తిరిగొస్తది. ఒంటరిగా వింటే ఆ టోన్ ముక్కుతో మాట్లాడినట్టు చెత్తగా ఉంటది. బ్యాండ్ మొదలయ్యాక అందులో సరిగ్గా కూర్చుంటుంది. సౌండ్‌చెక్‌లో ఒంటరిగా బేస్ వినిపించమని అడిగి, బాలేదని నాబులు తిప్పే మేనేజర్లకి ఒక దండం.

హాలుకి లైన్ ఇవ్వడం ఇంకో కళ. మామూలుగా గిటార్ నుంచి డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న డబ్బా), అక్కణ్ణుంచి ఒక వైరు మిక్సర్‌కి, ఒక వైరు యాంప్‌కి. ఇది శుభ్రంగా ఉంటది గానీ వాల్వ్ రుచి జనానికి చేరదు, ఆ రుచి స్టేజీ మీద నా ఒక్కడికే. అది కూడా కావాలంటే స్పీకర్ ముందు మైకు పెట్టాలి, లేదా స్పీకర్ లెవెల్ తట్టుకునే డీఐ బాక్స్‌ని స్పీకర్ వైరుకి పక్కన కలపాలి. పక్కన అన్నది ముఖ్యం. స్పీకర్ పీకేసి డీఐకి మాత్రమే కలిపితే ఆ రోజుతో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయినట్టే, వాల్వ్ యాంప్‌కి ఎప్పుడూ లోడ్, అంటే స్పీకర్ లాంటిది, ఉండి తీరాలి, ట్రాన్సిస్టర్ యాంప్ అలవాటు ఉన్నవాళ్ళు ఈ విషయం పట్టించుకోరు. డీఐ, మైకు రెండూ వాడితే ఒకదానికొకటి కొట్టేసుకుంటున్నాయేమో మిక్సర్లో అలని తిరగేసే ఫేజ్ బటన్ నొక్కి చూడాలి, ఏ వైపు లావుగా వినపడితే అది. ఇంకొక మాట, సబ్బుల్లోకి కిక్ డ్రమ్, బేస్, కీబోర్డ్ ఎడమచెయ్యి తప్ప ఇంకేదీ పోకూడదు. పాడేవాళ్ళ మైకుల్లో 100 హెర్ట్జ్ కింద కోసెయ్యమని చెప్తే చాలామంది సౌండ్ తమ్ముళ్ళు వెంటనే చేస్తారు, అడిగేవాళ్ళే లేరు.

ఇక ఈ పద్ధతి పనిచెయ్యని చోట్లు కూడా చెప్పాలి, లేకపోతే మా వాళ్ళే నన్ను తంతారు. ఓపెన్ గ్రౌండ్‌లో, నెక్లెస్ రోడ్ వైపు, మైదానాల్లో స్టేజీ వేసినప్పుడు వెనక గోడ ఉండదు, సౌండ్ గాల్లో కలిసిపోతది, మానిటర్ సరిగ్గా లేకపోతే 30 వాట్లు నాకే వినపడవు. సంగీత్‌లో నలుగురు ఢోల్ వాళ్ళు పక్కన నిలబడి వాయిస్తుంటే మర్చిపోండి. కర్రలు విరిగేలా కొట్టే డ్రమ్మర్ ఉన్న మెటల్ బ్యాండ్‌కి కూడా కుదరదు, చిన్న గదిలో అలాంటి డ్రమ్ కిట్ పక్కన ఒట్టిగానే 100 డెసిబెల్స్ దాటేస్తది. బొటనవేలితో స్లాప్ వాయించేవాళ్ళకి ఆ మెత్తదనం నచ్చదు, వాళ్ళకి టకీమని రావాలి. ఐదు తీగల బేస్ మీద అడుగు తీగ ఎక్కువ వాడేవాళ్ళకీ ఇది ఊపిరాడనివ్వదు. వీళ్ళందరికీ ఇప్పుడొచ్చే క్లాస్-డీ అనే తేలికపాటి ట్రాన్సిస్టర్ హెడ్లు బంగారం, రెండు కిలోలు బరువు, 500 వాట్లు, గిటార్ బ్యాగు జేబులో పట్టేస్తది. నిజం చెప్పాలంటే స్టేజీ సౌండ్ తగ్గించడానికి వాల్వే అక్కర్లేదు, క్లాస్-డీ పెట్టి వాల్యూమ్ కింద ఉంచినా అదే పని. కానీ మనుషులం కదా, 500 వాట్లు చేతిలో ఉన్నవాడు రెండో సెట్ కల్లా నాబ్ మీద చెయ్యి వేస్తాడు. నా 30 వాట్లు ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది, పెంచితే ఇంకా బొంగురు పోతది తప్ప సౌండ్ పెరగదు, దాంతో డ్రమ్మర్ కూడా చచ్చినట్టు నా లెవెల్‌కి దిగి వాయిస్తాడు. డ్రమ్మర్ దిగాడంటే బ్యాండ్ మొత్తం దిగినట్టే. పైగా ఆ హద్దు దగ్గర వచ్చే టోన్ అంటే నాకు పిచ్చి, ఆ మాట దాచి ఇదంతా లోకకల్యాణం కోసం అని చెప్తే మీరూ నమ్మరు.

వాల్వ్‌తో ఖర్చులూ తిప్పలూ ఉన్నాయి. ఒకప్పుడు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళే వాల్వులు చేసేవాళ్ళు, ఇప్పుడు కొత్తవి కావాలంటే స్లొవేకియా, రష్యా, చైనాల నుంచి రావాలి, రేట్లు మన చేతిలో లేవు. పవర్ వాల్వులు మారిస్తే బయాస్ (వాల్వులోంచి ఎంత కరెంటు పారాలో పెట్టే అమరిక) కూడా సెట్ చేయించాలి, అది చేసే చెయ్యి దొరకడం కష్టం. కోఠి గుజరాతీ గల్లీ వైపు పాత యాంప్లిఫయర్లు, రేడియోలు బాగుచేసే పెద్దవాళ్ళు ఇంకా కొందరున్నారు, నా యాంప్ చూసే ఆయనకి గిటార్ అంటే ఏంటో పట్టదు, కానీ స్క్రూడ్రైవర్‌కి రెసిస్టర్ కట్టి ముందు కెపాసిటర్లు డిశ్చార్జ్ చేసి గానీ లోపల చెయ్యి పెట్టడు, ఒక చెయ్యి జేబులోనే ఉంచుకుంటాడు. లోపల 400 వోల్ట్లకి పైన డీసీ ఉంటది, ప్లగ్ పీకేశాక కూడా కాసేపు అట్లనే ఉంటది. యూట్యూబ్ చూసి మూత తెరిచే కుర్రాళ్ళు దయచేసి ఆగండి.

అసలు నా కంప్లయింట్ ఇక్కడ మొదలవుతుంది, పబ్ ఓనర్లు, ఫంక్షన్ హాళ్ళ వాళ్ళు ఇది చదవాలి. సిటీలో స్టేజీ దగ్గర ఇచ్చే ప్లగ్ పాయింట్లలో ఎర్తింగ్ ఉందో లేదో దేవుడికే ఎరుక. మూడు కన్నాల సాకెట్ పెడతారు, మూడో కన్నం వెనక వైరే ఉండదు. పేరు చెప్పను గానీ ఒక రూఫ్‌టాప్‌లో తీగల మీద చెయ్యి ఉండగా కోరస్ పాడదామని మైకు దగ్గరికి పోతే పెదవికి జివ్వుమని కొట్టింది, ఎలక్ట్రీషియన్ని పిలిస్తే "వానాకాలం గదా సార్, అట్లనే ఉంటది" అన్నాడు. వానాకాలం అయితే ఎర్త్ ఇంకా బాగా ఉండాలి కదా నాయనా! అప్పట్నుంచి గిటార్ బ్యాగులో మల్టీమీటర్ ఉంటది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దరిదాపుల్లో చూపించాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్ట్లకి మించకూడదు, అది లేకపోతే ప్లగ్ పెట్టను, ఎవరేమనుకున్నా సరే. స్పీకర్లో గుయ్‌మని హమ్ వస్తోందని యాంప్ ప్లగ్‌కి ఎర్త్ పిన్ విరగ్గొట్టే సౌండ్ వాళ్ళని చూశాను, అది ప్రాణాలతో ఆట. హమ్ పోవాలంటే డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న స్విచ్ ఉంటది, అది తిప్పాలి, అది సిగ్నల్ వైరులో షీల్డ్‌ని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ని ముట్టుకోదు. స్టేజీ పాయింట్లూ మిక్సర్ పాయింటూ ఒకే లైన్ నుంచి లాగితే సగం హమ్ పుట్టనే పుట్టదు. జనరేటర్ మీద నడిచే ఫంక్షన్ హాళ్ళలో వోల్టేజ్ ఒకసారి 200, ఒకసారి 250, వాల్వ్ ఫిలమెంట్లకి ఇది అస్సలు పడదు, అందుకని స్టెబిలైజర్ కూడా మోస్తున్నా. చిన్న యాంప్ అని మురిసిపోయి చివరికి మోసేది మాత్రం తగ్గలేదు, మా ఇంట్లో ఇదే పెద్ద జోకు.

ఇక చట్టం సంగతి. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55 డెసిబెల్స్, ఇళ్ళ మధ్య 55, 45, రాత్రి అంటే 10 నుంచి పొద్దున 6 దాకా. 2022 సెప్టెంబర్‌లో మన హైకోర్టు జూబ్లీహిల్స్ కేసులో పబ్బుల్లో రాత్రి 10 తర్వాత మ్యూజిక్ వద్దని మధ్యంతర ఉత్తర్వులిచ్చింది, 2024 అక్టోబర్‌లో సిటీ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నారు. వీటితో నాకు గొడవ లేదు. కానీ కొలిచే దగ్గర ఒక తిరకాసు ఉంది. ఆ డెసిబెల్స్ ఏ-వెయిటింగ్ మీద కొలుస్తారు, అంటే మన చెవి లాగా కింది స్వరాలని తక్కువ చేసి లెక్కేస్తారు, 40 హెర్ట్జ్ దగ్గర దాదాపు 35 డెసిబెల్స్ కొట్టేస్తారు. 41 హెర్ట్జ్ అల పొడుగు 8 మీటర్ల పైన, గోడలూ అద్దాలూ దానికి పెద్ద అడ్డు కాదు, గిటారూ గొంతూ గోడ దగ్గరే ఆగిపోతాయి, ఇది దాటి పక్కింటికి పోతది. మీటర్ మీద అంతా రూల్ ప్రకారమే ఉంటది, పక్కింట్లో మంచం ఊగుతుంటది. పబ్ మేనేజర్ ఫోన్‌లో యాప్ తీసి "చూడండి సార్, లిమిట్‌లోనే ఉన్నాం" అంటాడు, అతను అబద్ధం ఆడట్లేదు, ఇవతల పక్కింటాయనా ఆడట్లేదు. అధికారులు కింది స్వరాలని అంతగా తగ్గించని సీ-వెయిటింగ్‌లో కూడా ఒకసారి కొలిస్తే ఈ తేడా బయటపడుతుంది, మీటర్లో ఒక బటన్ మార్చే పని. ఈ విషయం మీ రిపోర్టర్లు ఎవరైనా కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళని అడిగి రాస్తే బాగుంటది.

పబ్ ఓనర్లకి నేను అడిగేది కూడా పెద్ద లిస్టేం కాదు. బ్యాండ్‌ని బుక్ చేసేటప్పుడు "మీ యాంప్ ఎన్ని వాట్లు" అని అడగడం మానెయ్యండి. ఎర్త్ ఉన్న పాయింట్ ఒకటి, బేస్ వైపు మానిటర్ ఒకటి, జనం రాకముందు అరగంట సౌండ్‌చెక్, ఇవి ఇస్తే చాలు, స్టేజీ మీద చిన్న యాంపులతోనే పని అయిపోతది, సబ్బుల నాబ్ మీ సౌండ్ మనిషి చేతిలోనే ఉంటది, పది గంటలకో పక్కింటివాళ్ళు ఫోన్ చేస్తేనో తగ్గించాల్సింది ఒక్క నాబే. స్టేజీ మీద మూడు ఫ్రిజ్‌లు మోగుతుంటే మాత్రం ఏ నాబ్ తిప్పినా లాభం లేదు. సోమవారాలు ఎటూ ఖాళీగా ఉంటాయి, ఎవరైనా ఓనర్ పిలిస్తే యాంప్ తెచ్చి, మీటర్ పెట్టి, రెండు రకాలుగా వాయించి చూపిస్తా, డబ్బులు అక్కర్లేదు, బిర్యానీ పెడితే చాలు.

ఈవెంట్ మేనేజర్లకి ఒక్క మాట. స్టేజీ వెనక పెద్ద పెద్ద క్యాబులు లేకపోతే ఫోటోలు బోసిపోతాయని, పెళ్ళివాళ్ళు ఒప్పుకోరని అంటుంటారు. పెట్టుకోండి, వరసగా నాలుగు పెట్టుకోండి, వెనక లైట్లు కూడా వేసుకోండి, వాటికి వైరు మాత్రం కలపకండి.

ఇట్లు,
ఒక బేస్ గిటారిస్ట్,
తార్నాక, హైదరాబాద్